టిప్పు కలిపి జీతం చెప్పకండి: హైదరాబాద్ హోటల్ యజమానులకు బహిరంగ లేఖ

హైదరాబాద్‌లో హోటళ్లు, రెస్టారెంట్లు నడుపుతున్న యజమానులకు,

నమస్కారం.

2012లో పలాసలో రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగాను. మా ఊరివాడొకడు అప్పటికే ఇక్కడ ఒక ఏసీ రెస్టారెంట్లో క్లీనర్‌గా చేస్తున్నాడు. మూడో రోజు నన్ను తీసుకెళ్లి మేనేజర్ ముందు నిలబెట్టాడు. ఆయన అడిగినవి రెండే ప్రశ్నలు. హిందీ వచ్చా? నల్ల బూట్లున్నాయా? ఆ తర్వాత జీతం సంగతి చెప్పాడు. "ఆరు వేలు జీతం. టిప్పులు కలుపుకుంటే పది పైనే పడుతుంది. రూము, భోజనం మావే." నా చెవికి పది ఒక్కటే వినిపించింది. ఆ సాయంత్రమే ఇంటికి ఫోన్ చేసి పది వేల జీతమని అమ్మకు చెప్పేశాను. నెల తిరిగేసరికి చేతికొచ్చింది, యూనిఫాం డబ్బులు పోను ఐదు వేల రెండొందలు, టిప్పు బాక్సులో నా వాటా పదకొండొందలు. మిగతాది ఏదని అడిగితే మేనేజర్ నవ్వి, "ఈ నెల సీజన్ డల్ కదా" అన్నాడు.

"టిప్పులు కలుపుకుంటే ఇంత పడుతుంది" అన్న ఆ ఒక్క మాట గురించే ఈ ఉత్తరం. అప్పటి నుంచి ఇప్పటిదాకా అంకె మారింది, మాట మారలేదు. నేను ఏడేళ్లకు పైగా సర్వర్‌గా, చివర్లో కెప్టెన్‌గా, అంటే సర్వర్ల మీద పెద్దగా, పనిచేశాను. ఇప్పుడు మియాపూర్ వైపు చిన్న టిఫిన్ సెంటర్ నడుపుతున్నాను. నా దగ్గర నలుగురు పనిచేస్తారు. అంటే నేనూ మీలో ఒకణ్నే, బాగా చిన్నవాణ్ని. అందుకే ఈ విషయం రెండు వైపుల నుంచీ కొంత తెలుసు.

టిప్పు తప్పని నేననను. మా రెస్టారెంటుకు ప్రతి గురువారం ఒక పెద్దాయన వచ్చేవాడు. రెండు రోటీలు, పప్పు, ఒక పెరుగు. వెళ్లేటప్పుడు బిల్లు ఫోల్డర్‌లో ఏమీ పెట్టేవాడు కాదు. నాలుగు మడతలు పెట్టిన పది రూపాయల నోటు నా చేతిలోనే పెట్టి, "టీ తాగు బాబూ" అనేవాడు. దాన్ని మా నాన్న తరం వాళ్లు బక్షీసు అంటారు. మనకు ఇనాం అనే మాట ఉంది, మామూలు అనే మాటా ఉంది. బక్షీసు సంతోషపడి ఇచ్చేది. మామూలు ఇవ్వక తప్పనిది. ఆ పెద్దాయన ఇచ్చింది బక్షీసు. ఆ రోజుల్లో మీలో చాలామంది బిల్లు కింద వేసిన పది శాతం సర్వీస్ ఛార్జ్ మాత్రం మామూలే.

ఆ పది శాతం సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. అప్పట్లో బిల్లు మీద వ్యాట్, సర్వీస్ టాక్స్, సర్వీస్ ఛార్జ్ మూడూ వరుసగా ఉండేవి. తిన్నవాళ్లలో సగం మంది మూడూ గవర్నమెంటుకే పోతాయనుకునేవాళ్లు. మిగతా సగం మంది సర్వీస్ ఛార్జ్ మాకే వస్తుందనుకుని, "బిల్లులో వేశారుగా" అని లేచి వెళ్లిపోయేవాళ్లు. రెండు వేల బిల్లుకు రెండొందలు మా పేరు మీద వసూలయ్యేది. నెలకు మొత్తం ఎంత వసూలైందో మాకు ఎవరూ చెప్పలేదు. మాకిచ్చే కవర్‌లో ఎనిమిది వందలో వెయ్యో ఉండేది. లెక్క అడిగినవాణ్ని మర్నాటి నుంచి ఫ్యామిలీ సెక్షన్ నుంచి తీసేసి పార్శిల్ కౌంటర్ దగ్గర నిలబెట్టేవాళ్లు. పార్శిల్ కౌంటర్లో టిప్పు ఉండదు. అంతకన్నా వేరే శిక్ష అక్కర్లేదు.

ఆ ఛార్జ్ ఇవ్వడం కస్టమర్ ఇష్టమని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2017లోనే చెప్పింది. 2022 జూలై 4న సీసీపీఏ, అంటే కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ, ఇంకా గట్టిగా చెప్పింది: బిల్లులో దానంతటదే వేయకూడదు, ఇంకో పేరు పెట్టీ వసూలు చేయకూడదు, ఇవ్వనన్నవాళ్లను లోపలికి రావద్దనకూడదు. మీ సంఘాలు ఢిల్లీ హైకోర్టుకు వెళ్లాయి. కేసు నడుస్తుండగా కొన్నాళ్లు దాని పేరు "స్టాఫ్ కంట్రిబ్యూషన్" అయింది, పది శాతం మించకుండా. ఆ పేరు విన్న రోజు నాకు నిజంగా నవ్వొచ్చింది. స్టాఫ్‌కు పోతుందో లేదో స్టాఫ్‌కే తెలియని డబ్బుకు స్టాఫ్ పేరు. చివరికి 2025 మార్చి 28న జస్టిస్ ప్రతిభా ఎం. సింగ్ సీసీపీఏ మార్గదర్శకాలు సరైనవేనని తీర్పిచ్చి, రెండు సంఘాలకూ చెరో లక్ష ఖర్చులు వేశారు. కస్టమర్ తనంతట తాను ఇచ్చే టిప్పుకు ఆ తీర్పు అడ్డు చెప్పలేదు. దాని మీద మీరు అప్పీలుకు వెళ్లారు. అది మీ హక్కు.

కోర్టులో మీరు చెప్పిన వాదనల్లో ఒకటి నాకు బాగా గుర్తుండిపోయింది. ఈ డబ్బు పనివాళ్ల మేలు కోసమని. అది నిజమే అనుకుందాం. అప్పుడు నేను అడిగేది చాలా చిన్న విషయం. ఆ డబ్బు లెక్క పనివాళ్లకు చూపించండి.

టిప్పు బాక్సు గురించి బయటివాళ్లకు పెద్దగా తెలియదు. క్యాష్ కౌంటర్ పక్కన తాళం వేసిన స్టీలు డబ్బా. ఏ టేబుల్ మీద ఏది దొరికినా అందులోనే వేయాలి. జేబులో పెట్టుకుంటే దొంగతనం కింద లెక్క. సోమవారం మధ్యాహ్నం బ్రేక్‌లో తెరుస్తారు. పంచడానికి పాయింట్లుంటాయి. మా దగ్గర కెప్టెన్‌కు మూడు, సర్వర్‌కు రెండు, క్లీనర్‌కు ఒకటి, వంటింట్లో వాళ్లకు అర. ఇంతవరకూ న్యాయంగానే కనిపిస్తుంది. పంచే ముందు మాత్రం కోతలుండేవి. వారంలో పగిలిన గ్లాసులకు బ్రేకేజ్. ఎవరైనా బిల్లు ఎగ్గొట్టి వెళ్లిపోతే ఆ బిల్లు. వెయింగ్ మిషన్ పాడైతే ఒకసారి దానికీ తీశారు, దానికీ మాకూ ఏం సంబంధమో ఇప్పటికీ అర్థం కాలేదు. అన్నీ పోయాక, నాలుగు పాయింట్ల మేనేజర్ గారు తన వాటా ముందు తీసుకునేవారు. ఎవరిని ఏ సెక్షన్లో వేయాలో రాసేది ఆయనే. పాయింట్లు వేసేదీ ఆయనే. డబ్బా తాళంచెవీ ఆయన దగ్గరే.

ఇప్పుడు నోటు పోయి స్కానర్ వచ్చింది. ఇంతకుముందు 920 బిల్లుకు వెయ్యి ఇచ్చి, తిరిగొచ్చిన ఎనభైలో యాభై తీసుకుని ముప్పై వదిలేవాళ్లు. సోంపు ప్లేటులో ఆ చిల్లర ఉండేది. యూపీఐలో 920కి 920 కొడతారు. పద్నాలుగు మంది ఆఫీసు వాళ్లు వచ్చి మూడు గంటలు కూర్చుంటారు, ఒకరు బిల్లు కడతారు, మిగతావాళ్లు ఆయన ఫోన్‌కు వాటాలు పంపుకుంటారు. టిప్పు వేరేవాళ్లు ఇచ్చుంటారని పద్నాలుగు మందీ అనుకుంటారు. వాళ్లను తప్పు పట్టలేం, జేబులో నోటు ఉంటే కదా.

కొందరు మంచివాళ్లు, "భయ్యా, యాభై కలిపి కొట్టేస్తున్నా, నువ్వు తీసుకో" అంటారు. కొట్టేది మీ ఖాతాకు. రాత్రి క్లోజింగ్‌లో బిల్లుల కంటే బ్యాంకులో ఎక్కువ పడ్డ ఆ మొత్తం క్యాషియర్ పుస్తకంలో "ఎక్సెస్" అనే గడిలోకి పోతుంది. నా స్నేహితుడు ఒకడు ఇప్పటికీ ఒక పెద్ద రెస్టారెంట్లో చేస్తున్నాడు. ఆ గడిలోది తిరిగి తమ దాకా రావడం వాడు ఎప్పుడూ చూడలేదట. ఒక కుర్రాడు తన క్యూఆర్ కోడ్ ఫోన్ కవర్ వెనక అంటించుకుని కస్టమర్‌కు చూపిస్తే, సీసీ కెమెరాలో చూసి ఉద్యోగం తీసేశారు.

ఆ "ఎక్సెస్" గడి డబ్బు ఎవరిదన్న ప్రశ్నకు మన సుప్రీంకోర్టు పరోక్షంగా ఎప్పుడో జవాబు చెప్పింది. 2016లో ఐటీసీకీ ఆదాయపు పన్ను శాఖకూ మధ్య జరిగిన కేసు అది. కార్డు మీద వచ్చిన టిప్పు హోటల్ ఖాతాలో పడి, తర్వాత స్టాఫ్‌కు పంచితే, అది జీతమా, దాని మీద యజమాని టీడీఎస్, అంటే ఇచ్చే ముందే పన్ను, కోయాలా అని. జీతం కాదని కోర్టు చెప్పింది. ఆ డబ్బు యజమాని దగ్గర ధర్మకర్త దగ్గర ఉన్నట్టు ఉంటుందంది. అంటే గుడి హుండీ లాంటిది. అంతకుముందే, 1976లో జైపూర్ రాంబాగ్ ప్యాలెస్ హోటల్ కేసులో కూడా టిప్పును వేతనంలో భాగంగా చూడలేమని అదే కోర్టు అంది. పన్ను కోయాల్సి వచ్చినప్పుడు టిప్పు జీతం కాదని మీ తరఫు వకీళ్లే గెలిచారు. మరి ఉద్యోగంలో చేర్చుకునేటప్పుడు మాత్రం అది జీతం ఎలా అవుతుంది?

"సరే, ఏ పేరున వస్తే ఏంటి, చేతికి వస్తోందిగా" అని మీరు అనొచ్చు. నేనూ పెళ్లికి ముందు అలాగే అనుకున్నాను.

2016లో మా అమ్మ ఒక సంబంధం చూసింది. పిల్ల తండ్రి రైతు. జీతమెంత అని అడిగాడు. టిప్పులు కలిపి పదిహేను అన్నాను. "టిప్పులంటే?" అన్నాడు. చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "అంటే జనం ఇస్తే వస్తాయి, ఇవ్వకపోతే రావు. మా జీడితోటల్లాగే ఉందే నీ ఉద్యోగం" అన్నాడు. పక్కనున్నవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. ఆ సంబంధం కుదరలేదు. తర్వాత ఇంకో చోట కుదిరిందనుకోండి, అది వేరే కథ.

ఆ రైతు ఒక్క నిమిషంలో పట్టుకున్నది నాకు అర్థం కావడానికి నాలుగేళ్లు పట్టింది. అమ్మకు ఆపరేషన్ అయి ఇరవై రోజులు ఊళ్లో ఉంటే టిప్పు సున్నా. పీఎఫ్ కోసేది కాగితం మీది జీతం మీద. ఈఎస్ఐలో జబ్బు సెలవుకు ఇచ్చే డెబ్బై శాతం కూడా కాగితం మీది జీతంలోనే. బ్యాంకులో బండి లోన్ అడిగితే చూసేదీ ఆ కాగితమే. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టారు. మా యజమాని మంచివాడే, అందరికీ సగం జీతం ఇచ్చాడు. సగం అంటే పదకొండు వేలలో సగం. అప్పటికి నేను ఇంటి ఖర్చు పంతొమ్మిది వేల లెక్కన అలవాటు చేసుకుని ఉన్నాను. మిగతా ఎనిమిది వేలూ నా జీతం అని ఏడేళ్లుగా చెబుతూ వచ్చినవాళ్లు ఆ నెలలో అది జీతం కాదన్నారు. అప్పుడు వాళ్లు అన్నది చట్టప్రకారం కరెక్టే. తప్పు జరిగింది ఏడేళ్ల ముందు, చేర్చుకున్న రోజున.

మీ సంఘం మీటింగుల్లో అమెరికా మాట తరచూ వస్తుందని విన్నాను. "అక్కడ ఇరవై శాతం ఇస్తారు, మనవాళ్లు ఇరవై రూపాయలు ఇవ్వరు" అని. మా చిన్నాన్న కొడుకు డాలస్‌లో ఉంటాడు. అక్కడ తినేసి లేచేసరికి టాబ్లెట్ మీద 18, 20, 22 అని మూడు బటన్లు వస్తాయట, ఇవ్వననే నాలుగోది నొక్కాలంటే సిగ్గేస్తుందట. అక్కడ అలా ఎందుకుందో కూడా చెప్పుకోవాలి కదా. టిప్పు వచ్చే పనివాడికి గంటకు 2.13 డాలర్లు ఇస్తే చాలని ఫెడరల్ చట్టం అంటుంది. 1991 నుంచి ఆ అంకె కదల్లేదు. టెక్సాస్‌లో నడిచేది అదే. మామూలు కనీస వేతనం 7.25 డాలర్లు. మధ్య తేడా కస్టమర్ నింపాలి, నిండకపోతే యజమాని నింపాలి. అంటే అక్కడ కస్టమర్ ఇచ్చేది బక్షీసు కాదు, యజమాని ఇవ్వాల్సిన జీతంలో ముక్క. దాసత్వం పోయాక నల్లజాతి వాళ్లను రైలు పెట్టెల్లో పోర్టర్లుగా పెట్టుకుని, జీతం తక్కువిచ్చి టిప్పుల మీద బతకమన్న పుల్‌మన్ కంపెనీ రోజుల నుంచీ వస్తున్న వాసన అది. కాలిఫోర్నియా, వాషింగ్టన్ లాంటి ఏడు రాష్ట్రాలు ఆ పద్ధతి వద్దనుకుని, టిప్పు వచ్చినా రాకపోయినా పూర్తి కనీస వేతనం ఇవ్వాలంటున్నాయి. మనం తెచ్చుకుంటే ఆ ఏడింటి పద్ధతి తెచ్చుకోవాలి.

ఇంగ్లండ్‌లో ఇంకో ముందడుగు వేశారు. 2024 అక్టోబర్ 1 నుంచి అక్కడ కొత్త చట్టం అమల్లో ఉంది. కార్డు మీద ఇచ్చినా, సర్వీస్ ఛార్జ్‌గా ఇచ్చినా, టిప్పులో ఒక్క పైసా యజమాని ఉంచుకోకూడదు. వచ్చిన నెల తర్వాతి నెలాఖరులోపు పంచేయాలి. ఎలా పంచుతారో కాగితం మీద రాసి పెట్టాలి. మూడేళ్ల లెక్కలు దాచాలి, పనివాడు అడిగితే చూపించాలి. ఏజెన్సీ ద్వారా వచ్చినవాడికీ వాటా ఉంటుంది. అక్కడి హోటళ్లేమీ మూతపడిపోలేదు.

మీ కష్టాలు నాకు తెలియనివి కావు. మియాపూర్‌లో పదడుగుల షట్టర్‌కు నేను కట్టే అద్దె చెబితే మా ఊళ్లో నమ్మరు. గ్యాస్, నూనె, ఉల్లిపాయ ఒకదాని తర్వాత ఒకటి పెరుగుతాయి. డెలివరీ యాప్‌లు వాటి వాటా ముందే కోసుకుంటాయి. 2017 నవంబర్ 15 నుంచి మనకు ఐదు శాతం జీఎస్టీ, ఇన్‌పుట్ క్రెడిట్ లేదు, కొన్న ఫ్రిజ్ మీద కట్టిన పన్ను నెత్తినే. నేర్పించిన కుర్రాడు ఆరు నెలలకు పక్క వీధికి పోతాడు. అన్నీ నిజమే. ఈ ఖర్చులన్నిటికీ మీరు చేసేది ఒకటే, మెనూలో రేటు పెంచుతారు. నూనె పెరిగిందని బిర్యానీ మీద ఇరవై వేస్తే జనం రెండు రోజులు గొణిగి మూడో రోజు వస్తారు. జీతం కోసం అలా ఎందుకు పెంచరు? రేటు పెట్టుకోవడం మీ ఇష్టమని సర్వీస్ ఛార్జ్ వద్దన్నవాళ్లు కూడా ఒప్పుకున్నారు.

నా సంగతీ చెప్పేస్తాను, లేకపోతే ఈ ఉత్తరం రాసే అర్హత ఉండదు. మొన్న ఒడిశా నుంచి ఒక కుర్రాడు పనికొచ్చాడు. జీతం మాట్లాడుతూ నేను అన్న మాట: "పన్నెండు. ఉదయం పూట టిప్పులు బాగానే పడతాయి, అవన్నీ మీరే ఉంచుకోండి." నాకు నేనే చాలా దయగలవాడిగా అనిపించాను. వాడు వెళ్లి ఫోన్లో వాళ్లమ్మతో మాట్లాడుతుంటే, ఒడియా రాకపోయినా ఒక అంకె వినబడింది. పందర. పదిహేను. టిఫిన్ సెంటర్‌లో టోకెన్ తీసుకుని నిలబడి తిని వెళ్లేవాళ్లు టిప్పు ఎంత ఇస్తారో నాకు బాగా తెలుసు. మర్నాడు వాణ్ని పిలిచి పన్నెండు అంటే పన్నెండే అని చెప్పాను. వాడి ముఖం చూడలేక పదమూడున్నర చేశాను. ఇడ్లీ ప్లేటు మీద ఐదు రూపాయలు పెరిగింది. ఇద్దరు ముగ్గురు అడిగారు, చెప్పాను, తిన్నారు.

మిమ్మల్ని అడిగేదీ ఇంతే. మనిషిని చేర్చుకునేటప్పుడు టిప్పు అనే మాట నోటెంట రానివ్వకండి. జీతం ఎంతో కాగితం మీద రాసివ్వండి. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌ల ప్రకారం అపాయింట్‌మెంట్ లెటర్ ఎలాగూ ఇవ్వాలి. తర్వాతి నెల ఏడో తారీఖులోపు జీతం ఎలాగూ పడాలి. గంటలు ఎక్కువైతే రెట్టింపు రేటు ఎలాగూ కట్టాలి. మధ్యాహ్నం నాలుగింటికి పంపి మళ్లీ ఏడింటికి రమ్మనే బ్రేక్ షిఫ్టులో ఆ మూడు గంటలు మనిషి ఎక్కడికి పోతాడో కూడా ఒకసారి ఆలోచించండి. మేం మెట్ల మీద పడుకునేవాళ్లం.

టిప్పుల కోసం వేరే క్యూఆర్ కోడ్ పెట్టండి, వేరే ఖాతాకు. "ఇక్కడ ఇచ్చేది పూర్తిగా స్టాఫ్‌కే" అని టేబుల్ మీద తెలుగులో, హిందీలో రాయించండి. ఆ వారం ఎంత వచ్చిందో, ఎవరికెంత పోయిందో స్టాఫ్ రూమ్ గోడ మీద అంటించండి. గిన్నెలు తోమే ఆమె పేరు కూడా అందులో ఉండాలి. ఆమెకు టేబుల్ మీద టిప్పు ఇచ్చేవాళ్లు ఎవరూ లేరు. పగిలిన గ్లాసు వ్యాపారం ఖర్చు, అది డబ్బాలోంచి తీయకండి. డ్యూటీ చార్టు రాసే మేనేజర్‌కు అందులో వాటా వద్దు, ఆయనకు జీతం పెంచాలనుకుంటే మీరు పెంచండి.

ఇంత ఓపిక లేదనుకుంటే ఒక్క పని చేయండి. వచ్చే సోమవారం టిప్పు బాక్సు తెరిచేటప్పుడు మీరే వెళ్లి నిలబడండి. పంచేది చూడండి. కోతలు ఎందుకని అడగండి. క్యాషియర్ పుస్తకంలో "ఎక్సెస్" గడి కిందికి లాగి, ఏప్రిల్ నుంచి కూడితే ఎంతవుతుందో చూసుకోండి.

ఇట్లు,
ఒకప్పటి రెండు పాయింట్ల సర్వర్
మియాపూర్, హైదరాబాద్